నీళ్ళు తగ్గని కారు

మా ఆయన పోయాక ఆయన కారు నా మీద పగబట్టిందని కొన్నాళ్ళు నమ్మాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే నమ్మాను. పొద్దున కొండాపూర్ నుంచి ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బుద్ధిగా ఉండేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, అదీ ఆసుపత్రి ముందున్న సిగ్నల్ దగ్గరికి రాగానే, ఇంజను వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేచేది. ఆయన పోయింది ఆ ఆసుపత్రిలోనే. హైటెక్ సిటీలో ఇన్ని సిగ్నళ్ళుండగా దీనికి ఇదే దొరికిందా అని స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టేదాన్ని.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేస్తాను. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవడమే నా కొలువు. తప్పు ఎప్పుడొస్తోంది, ఎక్కడొస్తోంది, మళ్ళీ రప్పించగలమా అని అడుగుతూ పోతే ఎంతటి తప్పయినా దొరుకుతుందని కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెబుతుంటాను. అలాంటిదాన్ని ఒక పాత పెట్రోలు కారుకి పగ అంటగట్టానంటే మా ఆఫీసులో నవ్విపోతారు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. ముందూ వెనకా కదలని బళ్ళ మధ్య, ఒక్కదాన్నే కూర్చుని ఆ ముల్లుకేసి చూస్తున్నన్నాళ్ళూ నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కారంటే ఆయనకి ప్రాణం. రోజూ పొద్దున్నే సెల్లార్లోకి దిగి, బానెట్ ఎత్తి, ఇంజను పక్కనుండే తెల్ల డబ్బాలో నీళ్ళు చూసేవారు. వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, మాతోనే ఉంటారు. కొడుకుతో తీరిగ్గా మాట్లాడుకోవడానికి దొరికేది ఆ కాసేపేనని ఆవిడా వెంట దిగేవారు. ఆయన నీళ్ళు చూస్తుంటే ఆవిడ బానెట్ కింద ఇనప కడ్డీ నిలబెట్టి, డబ్బా మూత చేతిలో పట్టుకుని ఊళ్ళో వాళ్ళ కబుర్లు చెప్పేవారు. "పాతది కదమ్మా, దీనికి దాహం ఎక్కువ" అనేవారు ఆయన. నేను పైన బాల్కనీలో కాఫీ తాగుతూ, ఆదివారం కూడా మనిషి మొహం చూడనివ్వని ఆ కారుని తిట్టుకునేదాన్ని.

ఆయన పోయాక బట్టలు ఇచ్చేశాం. ఫోను నంబరు తీసేయించాం. కళ్ళజోడు బీరువాలో ఉంది. ఆయన వస్తువుల్లో కదిలేది ఈ కారొక్కటే మిగిలింది. అందుకే ముల్లు లేచినప్పుడల్లా నా ప్రాణం గిలగిల్లాడేది.

మా బావగారు, ఆయనకి అన్నగారు, కోకాపేటలో ఉంటారు. మాకు పిల్లలు లేకపోవడంతో కర్మలన్నీ బావగారి చేతుల మీదుగానే జరిగాయి. మంచివారే గాని తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "చూడమ్మా, వేడెక్కే కారు ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఒక్కదానివి, ఏం చేస్తావు? మూసాపేటలో పాత కార్లు తీసుకుని విడగొట్టే అతను నాకు తెలుసు" అన్నారు. విడగొట్టడం అన్న మాట రోజంతా నా చెవిలో ఉండిపోయింది. వాదించి వాదించి చివరికి ఒక మాట ఇచ్చాను. దెబ్బ ఇంజనుకే తగిలిందని మెకానిక్ తేలిస్తే కారు ఇచ్చేస్తాను, చిన్న లోపమైతే ఉంచుకుంటాను. అత్తయ్య పక్కనే కూర్చుని దీపానికి ఒత్తులు చేసుకుంటున్నారు. అంతా విన్నారు.

మా వీధి చివర, కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల పక్కన, ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ మా ఆయనకి బాగా తెలుసు. ఊరుకోవడం తెలియని నోరు అతనిది. నేను చెప్పేది సగం విని తను మొదలుపెట్టాడు.

"ఇంజన్ గరమైతుందంటే నాలుగు దిక్కుల చూడాలె మేడం. నీళ్ళు తక్కువైనయా, ఫ్యాన్ తిరుగుతలేదా, నీళ్ళు తిప్పే పంపు పోయిందా, రేడియేటర్ జామైందా. ఇవేవీ కాకుంటే ఇగ ఇంజన్ నెత్తి మీదుండే హెడ్డు మీదికొస్తది. గది పెద్ద కథ. ఒక్కొక్కటి చూసుకుంట పోదం, ఫికర్ చెయ్యకుండ్రి."

ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవడం నా పద్ధతి కూడా కాబట్టి అతని మీద నమ్మకం కుదిరింది. ఆ వేసవంతా ప్రతి శనివారం పొద్దున షెడ్డుకి వెళ్ళాను. ఇంజను ఆపకుండా ఉంచి చూశాడు, కాసేపటికి ఫ్యాన్ దానంతటదే అందుకుంది. పంపు బాగానే ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, కాగాక తెరుచుకుని నీళ్ళని రేడియేటర్లోకి వదిలే బిళ్ళ ఒకటుంటుందిట, థర్మోస్టాట్. "గీ ఎండలకు ఇదెందుకని కొందరు పీకి పారేస్తరు. నేను పీకను" అంటూ కొత్తది వేశాడు. రేడియేటర్ విప్పి కడిగితే ఇటుక రంగు నీళ్ళు పోయాయి. ఆఖరికి అందులో ఉత్త నీళ్ళకి బదులు చిలకపచ్చ కూలెంట్ నింపి నాకో పని అప్పజెప్పాడు.

"రోజు పొద్దున బండి తీసే ముందు గీ డబ్బల చూడుండ్రి. రెండు గీతల నడుమ ఉండాలె. గరం మీదున్నప్పుడు మాత్రం మూత ముట్టకుండ్రి, మొకం మీదికి ఎగుస్తది."

రోజూ చూశాను. రోజూ పై గీతకి ఆనుకునే ఉన్నాయి. సాయంత్రం ముల్లు మాత్రం ఎప్పటిలాగే లేచింది.

"నీళ్ళు తగ్గుతలేవంటే లీకు లేనట్టే" అని తేల్చాడు మెకానిక్. నేనూ అలాగే తేల్చాను. కారు కింద కూడా ఒక్క చుక్క తడి కనబడలేదు మరి.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం అదే సిగ్నల్ దగ్గర ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. పక్కకి తీసే దారి లేదు. అప్పుడు ఆయన చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. ఇంజను మరీ కాగితే హీటర్ పూర్తిగా తిప్పి అద్దాలు దించాలి, ఇంజను వేడిని కొంత మన మీదికి లాక్కున్నట్టవుతుందని ఎప్పుడో ఘాట్ రోడ్డులో చెప్పారు. మండుటెండల్లో హీటర్ వేసుకునే పిచ్చిది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను. తిప్పాను. డాష్‌బోర్డు కన్నాల్లోంచి వేడిగా, తడిగా, బెల్లప్పాకం లాంటి తియ్యటి వాసనతో గాలి వచ్చింది. ముల్లు దిగింది. దిగుతుంటే ముందద్దం మీద ఎడమవైపు మాత్రం ఆవిరి పట్టింది.

గుడ్డతో తుడిచాను, జిడ్డుగా తగిలింది. తుడిచినచోటే మళ్ళీ పట్టింది. నావైపు అద్దం శుభ్రంగా ఉంది. ఎడమ సీటు ఎన్నేళ్ళుగానో నాది. ఆయన నడుపుతుంటే నేను అక్కడ కూర్చుని ఊరంతా చూసేదాన్ని. ఇప్పుడు నేను ఆయన సీట్లోకి వచ్చాను గనక ఆయన నా సీట్లోకి జరిగి కూర్చున్నారా? ఆ అద్దం మీద ఉన్నది ఊపిరా? ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఆక్సిజన్ మాస్కు లోపల అచ్చం అలాగే పట్టేది. నాకు భయమేసింది. ఆ భయంలో కొంచెం సంతోషం కూడా ఉందని చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

ఇల్లు చేరి సెల్లార్లో కారు ఆపి, తాళం తీసినా ఫ్యాన్ ఆగలేదు. కాగిన కార్లలో కాసేపు అలా తిరుగుతుందని తెలుసు. అయినా ఆ ఖాళీ సెల్లార్లో ఆ హోరు వింటూ నిలబడలేకపోయాను. ఎడమ సీటు ముందున్న కాళ్ళపట్టా ముట్టుకుంటే తడిగా ఉంది. తడికాళ్ళతో ఎవరో ఎక్కి దిగినట్టే. వెనక్కి చూడకుండా లిఫ్ట్ ఎక్కేశాను.

శనివారం ఆ తడి సంగతి చెబితే మెకానిక్ తేలిగ్గా తీసేశాడు. "ఏసీ నీళ్ళు మేడం. బయటికి పోయే పైపుల చెత్త అడ్డం పడితే లోపల కారుతయి." పైపు ఊది శుభ్రం చేశాడు. ఊపిరి గురించి అతనితో అనలేదు. ఏమని అంటాను?

ఇంకో రెండు వారాలు చూసి అతను కూడా డీలా పడ్డాడు. "అన్ని చూస్తిమి మేడం. ఇగ హెడ్డు కింద గ్యాస్కెట్ పోయిందనే డౌటు. వచ్చే శనివారం వదిలిపొండ్రి, ఇప్పి చూస్త. గదే అయితే మాత్రం ఈ బండికి పెట్టుడు దండుగ." నేను చెప్పకముందే ఈ కబురు బావగారికి ఎలా తెలిసిందో, ఆదివారం మూసాపేట అతన్ని రమ్మన్నానని ఫోను చేశారు. శనివారం విప్పడం, ఆదివారం తీసుకుపోవడం. మా ఆయన్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడూ ఇలాగే ఒకరోజు తర్వాత ఒకరోజు ఎవరో ముందే రాసిపెట్టినట్టు జరిగిపోయింది.

శుక్రవారం పొద్దున మామూలుగానే బానెట్ ఎత్తాను. అలవాటైపోయిన పని, గీత చూసి మూసేయబోయాను. ఎందుకో చెయ్యి ఆగింది. నీళ్ళు పై గీత దగ్గరే ఉన్నాయి, అందులో అనుమానం లేదు. పచ్చదనం లేదు. చిలకపచ్చగా పోసినవి నిమ్మరసం కలిపిన నీళ్ళలా వెలిసిపోయి ఉన్నాయి.

ఇన్నాళ్ళూ నేను ఎంత ఉందో చూశాను, ఏముందో చూడలేదు. కూలెంట్ పోతోంది, పోయినంత మేరా ఎవరో మామూలు నీళ్ళు పోస్తున్నారు. ఎవరు? తాళం మా ఇంట్లో మేకుకి వేలాడుతుంది. రోజూ పొద్దున్నే దిగి నీళ్ళు చూసే అలవాటు ఈ ప్రపంచంలో ఒక్కరికే ఉండేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని మొదట నా మనసులోకి వచ్చింది ఆయనే. ఆ సెల్లార్లో నిలబడి "ఏవండీ" అని మెల్లగా పిలిచాను కూడా.

అప్పుడు డబ్బా మూతి చుట్టూ అంటుకున్నవి కనబడ్డాయి. వేలితో తీశాను. నల్ల నువ్వులు.

మా వంటింట్లో నల్ల నువ్వుల డబ్బా ఒకటుంది. వంటకి వాడం. కర్మరోజుల్లో తెచ్చినవి మిగిలితే అత్తయ్య పారేయనివ్వలేదు.

మర్నాడు ఆవిడ కంటే ముందే దిగి స్తంభం చాటున నిలబడ్డాను. తులసికోటకి నీళ్ళు పోసొస్తానని రోజూ రాగి చెంబు పట్టుకుని కిందికి వెళతారు ఆవిడ. తులసికోట కాంపౌండులో ఉంది. ఆవిడ సెల్లార్లోకి వచ్చారు. తాళంతో తలుపు తీసి లోపలి మీట లాగారు, బానెట్ ఎత్తి కడ్డీ నిలబెట్టారు, మూత తీశారు. చీర కొంగున ముడివేసుకున్న నువ్వులు నాలుగు కుడి అరచేతిలో వేసుకుని, ఎడమచేత్తో చెంబు వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నీళ్ళు జారేలా ఆ డబ్బాలోకి వదిలారు. పోయినవాళ్ళకి నీళ్ళు అలాగే వదలాలి. పంతులుగారు చెబుతుంటే బావగారు చేయడం నేను చూశాను. ఆ రోజు అత్తయ్య ముందుకొచ్చి "నేనూ ఒక దోసెడు వదలనా" అని అడిగితే, కన్నతల్లి వదలడం మన పద్ధతిలో లేదమ్మా అని పంతులుగారు మెత్తగానే అన్నారు. ఆవిడ వెనక్కి వెళ్ళి తలుపు పక్కన కూర్చున్నారు.

"తాగు నాయనా" అన్నారు అత్తయ్య, ఇంజనుతో.

నాకు ముందు వచ్చింది కోపం. "అత్తయ్యా, ఏంటండీ ఈ పని? ఎప్పుడైనా వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీసుంటే మొహమంతా కాలిపోయేది" అని స్తంభం చాటు నుంచి వచ్చేశాను.

ఆవిడ తడబడలేదు. మూత బిగించి చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు. "వాడు నీళ్ళడిగాడే అమ్మాయ్. నువ్వూ విన్నావుగా. ఆ డాక్టర్లు పెదవులు తడపమన్నారు గానీ గుక్కెడు తాగనివ్వలేదు. పంతులుగారేమో నన్ను వదలనివ్వలేదు. అన్న పోసిన నీళ్ళతో ఈ దాహం తీరుతుందా?"

విన్నాను. తడిపిన దూది నా చేతిలోనే ఉంది ఆ రోజు. ఆ మాట మేమిద్దరం ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గొంతు వింటూ, ఎవరి గదిలో వాళ్ళం పడుకున్నాం.

"దీనికి పోస్తే తాగుతోందే" అన్నారు ఆవిడ. "నిన్న నిండా పోశానా, ఇవాళ వచ్చి చూస్తే అడుక్కి పోయాయి. రోజూ అంతే. వాడు తాగకపోతే ఎక్కడికి పోతున్నాయి చెప్పు?"

ఎక్కడికి పోతున్నాయి అన్నది సరిగ్గా నేనూ మెకానిక్కూ అడగాల్సిన ప్రశ్న. తప్పు సాయంత్రం జరుగుతుంటే పొద్దున వెతుకుతూ కూర్చున్నాం మేము. నీళ్ళు తగ్గడం లేదని ఇద్దరం ప్రమాణం చేసి మరీ నమ్మాం.

షెడ్డుకి వెళ్ళి, మా ఇంట్లో ఎవరో రోజూ నీళ్ళు పోస్తున్నారని మాత్రం చెప్పాను. మెకానిక్ చేతిలో ఉన్న పానా కింద పెట్టేశాడు. ఎడమవైపు పట్టా తీసి, కింద వేలు రాసి వాసన చూశాడు. "హీటర్ లీకు మేడం. డాష్‌బోర్డు ఎనక చిన్న రేడియేటర్ లెక్క ఉంటది, గందుల నుంచి లోపటికి కారుతున్నది. పొద్దుగాల నిండుగుంటది, పొద్దుమీకి వరకు సగమైతది, అప్పుడు గరమైతది. గిది ముందే చెప్తే హెడ్డు దాకా పోకపోదుం కద. ఇంజన్ సలామత్ ఉన్నది."

ఆ ఆవిరి, ఆ తియ్యటి వాసన, ఆ తడి అన్నీ అక్కడివే. ఆసుపత్రి సిగ్నల్ దగ్గరే ఎందుకంటే, ఆ దారి మొత్తంలో బళ్ళు ఎక్కువసేపు ఆగేది అక్కడే. అంతకు మించి ఏమీ లేదు. "ఈ ఊర్ల హీటర్‌తోని ఏం పని" అంటూ దాంట్లోకి నీళ్ళు పోకుండా పైపులు రెండూ ఒకదానికొకటి కలిపేశాడు. అత్తయ్య అరచేతిలోంచి జారిన నువ్వులు డబ్బా అడుగున కనబడితే నావైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కడిగేశాడు. మళ్ళీ చిలకపచ్చ పోశాడు. బావగారికి ఫోను చేసి కారు ఇవ్వనని చెప్పాను. "నీ ఇష్టమమ్మా" అన్నారు, ఇష్టం లేని గొంతుతో.

ఆఫీసు లేకపోయినా ఆ సాయంత్రం పనిగట్టుకుని ఆ సిగ్నల్ దాకా నడిపి చూశాను, ముల్లు మధ్యలోనే ఆగింది. ఎడమవైపు అద్దం తేటగా ఉంది. కారు దక్కిందని సంతోషించాల్సింది పోయి, ఆ అద్దం చూసి ఏడ్చాను. అక్కడ ఎవరూ లేరని ఆ రోజు రూఢి అయింది.

అసలు సంగతి మర్నాడు పొద్దున మొదలైంది. అత్తయ్య చెంబుతో వెళ్ళారు, నిండు చెంబుతోనే తిరిగొచ్చారు. డైనింగ్ టేబుల్ మీద దాన్ని పెట్టి దాని పక్కనే కూర్చున్నారు.

"తాగలేదే" అన్నారు. "నిండుగానే ఉంది. మనిద్దరం దెబ్బలాడుకున్నామని కోపమొచ్చిందంటావా?"

బాగుచేయించానండీ, ఇంక నీళ్ళు తగ్గవు అని చెప్పబోయి ఆగాను. ఆవిడ చెంబు వదల్లేదు. కన్నకొడుకుకి నీళ్ళివ్వడానికి ఆవిడకి మిగిలిన ఒకే ఒక దారి నేను పైపులు కలిపించి మూయించేశాను. దాహం తీరిందని చెప్పొచ్చు. తీరలేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆవిడని కిందికి తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తి, తెల్ల డబ్బా కాకుండా ఆ మూలన ఇంకో డబ్బా చూపించాను. అద్దం కడగడానికి వైపర్లకి నీళ్ళు పోసే డబ్బా అది. ఆయన ఉన్నప్పుడు నిండుగా ఉండేది, తర్వాత ఎవరూ పట్టించుకోక ఎండిపోయింది.

"ఇందులో పొయ్యండి అత్తయ్యా. అందులో పోస్తే ఇంజను పాడవుతుంది."

"ఇది తాగుతుందా?"

"తాగుతుందండి."

కొంగు ముడి విప్పబోతుంటే నువ్వులు వద్దన్నాను, గొట్టం సన్నం, అడ్డం పడతాయని. ఆవిడ అనుమానంగా చూశారు. "నువ్వులు లేకుండా చేరతాయా?"

"కన్నతల్లి పోసే నీళ్ళకి నువ్వులెందుకండి" అన్నాను. ఆ మాట ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కుడిచెయ్యి చాచి, బొటనవేలి పక్కనుంచి నీళ్ళు వదిలారు.

ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ సిగ్నల్ దగ్గర ఆగుతాను. ఇంటి నుంచే పనిచేసే రోజుల్లో సెల్లార్లోనే కారెక్కి కూర్చుంటాను. అద్దం మీద దుమ్మున్నా లేకపోయినా వైపర్ల మీట లాగి పట్టుకుంటాను. నీళ్ళు లేచి అద్దమంతా జారతాయి, వైపర్లు అటూ ఇటూ తుడుస్తాయి, ఎడమవైపు కూడా. పక్కన బైకు మీదున్నవాళ్ళు తుంపర్లు పడి గొణుక్కుంటారు. గొణుక్కోనీ. చివరి చుక్క అయిపోయి ఉత్త మోటారు చప్పుడు వచ్చేదాకా మీట వదలను. పొద్దున అత్తయ్య చెంబుతో దిగేసరికి ఆ డబ్బా ఖాళీగా ఉండాలి.